మంగళవారం

సముద్రం పక్కన సిమెంటుతో కట్టిన గుడారం.
కువైట్‌లో చట్టాలు అక్కడే పుడతాయంటారు.
నేను ఊడ్చేది ఆ గుడారంలోనే,
రెండో అంతస్తు, కమిటీ గది,
పద్దెనిమిది కుర్చీలు, పొడుగాటి బల్ల.

అరబ్బీలో నాకు చదవను వచ్చేది ఒకటే మాట: జుమా.
శుక్రవారం.
క్యాలెండర్లో ఎర్రగా ఉంటాది గనక నేర్చుకున్న్యా.
మిగతావన్నీ అలలు, అలల మింద చుక్కలు.

ఆ పొద్దు బల్ల మింద మూడు కాగితాలు, ఒక గుండుసూది,
కింద ఐదు సంతకాలు.
"ఇండ్లలో పనిచేసేవాళ్లకు వారానికొక సెలవంట"
చాయ్ పోసే షొహిదుల్ చెవిలో చెప్పినాడు.
వంగి చూసినా.
రెండో కాగితంలో, నడిమధ్య, జుమా.

సల్వాలో మా రెడ్డెమ్మ ఉంది.
ఏడేండ్లు, ఆరుగురు పిల్లోళ్లు, మంచంలో ఒక ముసలామె.
నా సెలవు శుక్రవారం. బస్సెక్కి పోతా.
చెత్తసంచి పట్టుకోని ఆమె ఎనకవాకిలి తీస్తాది.
డ్రమ్ము పక్కన పది నిమిషాలు.
రాయచోటి మాటలు, పంటినొప్పి, ఎవురికి ఎంత బాకీ.
కంపు మాకు తెలీదు.

కాగితాన్ని కమిటీకి పంపినారు.
కమిటీ అంటే ఏందో నేను చెప్తా:
ముప్పై కప్పుల చాయ్, ఖర్జూరం గింజలు, మూసిన తలుపు,
తలుపు తెరిస్తే బుట్టనిండా చించిన కాగితాలు.
మూడు పదకొండైనాయి.
ఒక వారం పెన్సిలు గీతలు, ఒక వారం ఎర్రసిరా.
ఒకాయప్ప వేలు చూపించి అరిచినాడు,
అద్దంలో కనపడింది గానీ వినపడలా.
ఆయప్ప ఇంట్లో వండేది ఎవరో అనుకున్న్యా.

ఎండాకాలం సెలవులొచ్చినాయి. కాగితం బీరువాలో నిద్రపోయింది.
దుమ్ము తుడుస్తా తుడుస్తా బీరువా తట్టి
"బాగుండావా" అన్న్యా ఒకసారి.
ఎవురూ లేరులే.

మళ్లీ బయటికొచ్చినప్పుడు దానికి నీలం అట్ట.
పాతవి బుట్టలో. ఏరి చూసినా.
జుమా మింద అడ్డంగా గీత,
పక్కన చేతిరాత, చీమలు దారి మళ్లినట్టు.
ఆ ముక్క జాకెట్లో దోపుకున్న్యా.
గడప దాకా పోయి, మళ్లీ తెచ్చి, మిషన్లో వేసినా.
ఫిక్రీ సారును అడిగినా, ఫైళ్ల గుమాస్తా, ఈజిప్టాయన.
"యజమాని చెప్పిన రోజు, అని మార్చినారు.
సెలవు పోలేదు, ఆ పేరే పోయింది.
గీత పడకుండా ఏ బిల్లూ ఈ గడప దాటదమ్మా."

మొదటి ఓటు. పదహైదు దినాలకు రెండో ఓటు.
బడిలో హాజరు మాదిరి పేరు పేరున పిలుస్తారు.
ఒప్పుకుంటి. ఒప్పుకోను. ఊరకుంటి.
ఊరకున్నోళ్లనూ లెక్కపెట్టి రాసుకుంటారంట.
ఊరకుండేదానికి లెక్కుంటాదని
నాకు ఆ పొద్దే తెలిసింది.
గెలిచింది. చప్పట్లు. మెట్ల మింద ఫోటోలు.
నేను నేలకంటిన ఖర్జూరం జిగురు గోకుతా ఉన్న్యా.

ఆకుపచ్చ అట్టలో ప్యాలెస్‌కు పోయింది.
సంతకమై వచ్చింది. గెజెట్‌లో పడింది.
పడినా చాలదంట. ఆర్నెల్లాగల్ల,
నియమాలు రాయల్ల, ఫారాలు అచ్చెయ్యల్ల.
అన్నం ఉడికినా మగ్గల్ల కదా, అన్నాడు షొహిదుల్.

చలికాలంలో రెడ్డెమ్మ ఫోను.
గొంతులో పదేండ్ల పిల్ల.
"వచ్చిందక్కా! వారానికొక దినం, నాదే, చీకటి పడేదాకా!
మామా కాగితం మింద రాసిచ్చింది."
"ఏ దినమే?"
"మంగళవారం."

మంగళవారం సభ కూడే దినం.
అన్ని గదులూ, అన్ని కప్పులూ, మాలో ఎవురికీ సెలవు లేదు.
శుక్రవారం వాళ్లింటికి చుట్టాలు, ముప్పైమందికి వంట,
చెత్త పడేసేదానికి కొత్త పిల్లోడొచ్చినాడంట.

ఈ మంగళవారం ఆమె వచ్చింది.
రోడ్డవతల, సముద్రం గట్టు మింద,
కొత్త చెప్పులు, ఉడికిన శనగల పొట్లం.
నడుమ కార్లు, కార్లు.
ఏ కిటికీనో తెలీక, పక్క కిటికీకి చెయ్యూపుతాంది.
నేను ఈ కిటికీలో నా చెయ్యెత్తినా,
తడిగుడ్డతో సహా.
లెక్కపెట్టేవాళ్లు లోపలుండారు.